చౌక తుపాకి, గట్టి కీలు

వేటతుపాకులలో నిర్మాణమున మిక్కిలి సరళమైనది కీలుతుపాకి. గొట్టమును క్రిందికి వంచి, ఒక్క తూటా నుంచి మూసినచో చాలును. ప్రేలినపుడు తూటా ఇత్తడి తొడుగు ఉబ్బి వాయువును వెనుకకు రానీయదు. తోపుడు భారము మాత్రము కీలు, గొళ్లెముల మీదనే పడును.

అమెరికాలో 1871 నాటి భాగస్వామ్యము నుండి ఎదిగిన హారింగ్టన్–రిచర్డ్సన్ సంస్థ తన హ్యాండీ రైఫిల్‌ను చౌకగానే అమ్మెను. పొదుపంతయు కొయ్యపనిలోను, మెరుగులోను చూపిరి. రెండవ గొట్టము కోరినవాడు తన తుపాకి చట్రమును కర్మాగారమునకు పంపవలసినదే. గొట్టమును దానికే సరిచూచి బిగించెడివారు. పైకి ఒకే తీరున నున్నను, షాట్‌గన్ కొరకు చేసిన పాత చట్రమునకు రైఫిల్ గొట్టము నమర్చ నిరాకరించిరి. విసుగు పుట్టించు నియమమే! కాని 12 బోరు షాట్‌గన్ తూటా గరిష్ఠ పీడనమునకు 30-06 రైఫిల్ తూటా పీడనము సుమారు 5 రెట్లు. 2015లో వీని తయారీ ఆగినది.