సున్నపు మడ్డి నుంచి టీకా సీసా దాకా

మా కమ్మర్‌పల్లి పసుపు పండే ఊరు. చెరకు మాట వస్తే మాకు గుర్తొచ్చేది బోధనే. అక్కడ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ రాజకీయం చెప్పేవారు చాలామందే ఉన్నారు. నేను చెప్పబోయేది చెరకు రసం తేరే విధానం గురించి.

రసంలో సున్నం కలిపితే, అందులోని ఫాస్ఫేటుతో కూడి కాల్షియం ఫాస్ఫేటు మడ్డిగా పేరుకుంటుంది. మలినాలు దానిని అంటుకొని అడుగుకు చేరతాయి. ఐరోపాలో 1812 ప్రాంతాన దెరోన్ చక్కెర తెల్లబరచడానికి వాడిన ఎముకల బొగ్గులోనూ అధికభాగం కాల్షియం ఫాస్ఫేటే. దీన్ని అధిశోషణం అంటారు. నేల నీటిని పీల్చినట్లు కాదు, గోడకు సున్నం అంటినట్లు.

ఇక జ్వరం కథ. 1892లో బెర్లిన్‌లో రిచర్డ్ ఫైఫర్ చచ్చిన కలరా క్రిములు సైతం గినీపందులను చంపగలవని గమనించి, వాటి దేహంలోనే ఉన్న ఆ విషానికి ఎండోటాక్సిన్ అని పేరు పెట్టాడు. మనం అంతర్విషం అందాం. బట్టీపట్టిన నీటితో చేసిన సూదిమందులకు జ్వరమెందుకు వస్తుందో 1923లో ఫ్లోరెన్స్ సీబర్ట్ తేల్చింది: ఆవిరితోపాటు ఎగిరిన తుంపరలు క్రిముల అవశేషాలను మోసుకొస్తున్నాయి. మరిగిస్తే ఈ విషం పోదు. 250 డిగ్రీల పొడివేడి అరగంట కావాలి. గాజుసీసా దానిని తట్టుకుంటుంది, మందు తట్టుకోదు. అందుకే మందుల తయారీదారులూ చక్కెరవారి బొగ్గునే ఆశ్రయించారు. అది విషంతోపాటు మందునూ కొంత మింగుతుంది!

అంతర్విషంలోని లిపిడ్-ఎ భాగానికి ఫాస్ఫేటు గుంపులున్నాయి. అల్యూమినియం హైడ్రాక్సైడు తన హైడ్రాక్సిల్‌ను వదిలి ఆ ఫాస్ఫేటును గట్టిగా పట్టుకుంటుంది. అదే అల్యూమినియం ఫాస్ఫేటుకు ఆ పట్టు లేదు, దాని పీటలపై ముందే ఫాస్ఫేటు కూర్చుని ఉంది కనుక. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకాలో ప్రతిజనకాన్ని మోసేది ఈ హైడ్రాక్సైడే.

బోధన్ మడ్డిని వడకట్టి పారబోసేవారు. టీకాలోని హైడ్రాక్సైడు మాత్రం పట్టుకున్నదానితో సహా దేహంలోకి వెళుతుంది. అలా బంధింపబడిన విషపు తీవ్రత తగ్గుతుందని జంతువులపై ప్రయోగాలు చూపాయి. అయితే అది గుర్రపునాడా పీత రక్తంతో చేసే పరీక్షకు కూడా చిక్కకపోవచ్చు. కాబట్టి ప్రతిజనకాన్ని హైడ్రాక్సైడుతో కలపకముందే కొలుస్తారు.