కోటగడ్డ చూపిన బాట

బోధన్ చెరకు తోటలకు నీళ్లిచ్చిన మంజీర నది ఎగువన, సంగారెడ్డి దగ్గర కొండాపూర్ ఉంది. ఆ ఊరి పక్క దిబ్బను జనం కోటగడ్డ అంటారు. దాని కింద శాతవాహనుల నాటి పట్నం ఉంది. అది బయటపడ్డ కథను నేను వర్తకపు బాట దగ్గర్నుంచి మొదలుపెడతాను.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు తెలిసిన ఒక వర్తకుడు 'పెరిప్లస్' రాశాడు. నేటి గుజరాత్ భరూచ్ నుంచి పైఠాన్‌కు 20 రోజుల ప్రయాణమనీ, అక్కడి నుంచి తూర్పుగా 10 రోజులు పోతే తగర వస్తుందనీ అందులో ఉంది. తీర ప్రాంతాల సరుకు కూడా తగరకు చేరేదట. 1901లో చరిత్రకారుడు జె.ఎఫ్. ఫ్లీట్ ఆ తగర నేటి మహారాష్ట్రలోని తేర్ అని గుర్తించాడు. అందులో తూర్పు తీరం సరుకు తేర్‌కు పోవాలంటే తెలంగాణ మీదుగా పోవడమే సూటి దారి. మరి బండ్లు ఎక్కడ ఆగేవి? ఎద్దులకు మేత, మనుషులకు కూడు, సరుకుకు కొనుగోలుదారు దొరికే ఊళ్లేవి?

ఫ్లీట్ రోజుల్లోనే పురావస్తు అధికారి హెన్రీ కజిన్స్ కోటగడ్డను గమనించాడు. తవ్వకానికి మాత్రం 1940ల తొలినాళ్ల దాకా ఆగాల్సి వచ్చింది. హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఇటుక కట్టడాలు, స్తూపం, చైత్యాలు, పూసలు, శంఖపు గాజులు బయటపడ్డాయి. శాతవాహనుల సీసం, రాగి నాణేలతో పాటు నాణేలు పోతపోసే మట్టి అచ్చులూ దొరికాయి. రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా ఒకటి దొరికింది.

అందరూ ఆ బంగారు నాణేన్నే తలుచుకుంటారు. నాకు మట్టి సాక్ష్యమే బలమనిపిస్తుంది. బంగారం ఏ ఒక్కడి మూటలోనో వచ్చి పడి ఉండొచ్చు. కొండాపూర్‌లో రోమన్ నాణేలను చూసి చేసిన మట్టి బిళ్లలున్నాయి, దారం కట్టి మెడలో వేసుకునేవి. తెల్లమట్టిని రెండచ్చుల మధ్య ఒత్తి చేసిన చిన్న బొమ్మలున్నాయి. ఇలాంటి బిళ్లలే, ఇలాంటి బొమ్మలే తేర్‌లోనూ దొరికాయి. అంటే బాట పొడుగునా పనివాళ్ల నేర్పూ, జనం సోకూ కూడా నడిచాయి. ఆ రెండూళ్ల కుమ్మర్ల పేర్లు ఏ శాసనమూ రాయలేదు గానీ, వాళ్ల చేతిపని రెండు చోట్లా కళ్లముందే ఉంది.

మరి మా బోధన్? ప్రాచీన అశ్మక జనపద రాజధాని పోదన ఇదేనని చాలామంది చరిత్రకారుల మాట. కోటగడ్డ ఊరి బయట ఖాళీగా మిగిలింది కాబట్టి పలుగుకు అందింది. బోధన్‌లో ఇళ్లు, మసీదులు, గుళ్లు, బజార్లు నిలిచి ఉన్నాయి. అక్కడ వెతకాల్సింది చుట్టూ ఉన్న పొలాల్లో, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసేదాకా మంజీర ఒడ్డునే.

తవ్వకముందు కాలినడకన చూడటమే సర్వే మొదటి మెట్టు. దున్నిన నేలలో వరుసగా నడుస్తూ పైకి తేలిన పెంకులు, పూసలు, ఇటుక ముక్కలు ఏ చోట దొరికాయో గుర్తుపెట్టాలి. ఎరువుగా తోలే పాటిమన్నులోనూ పెంకులు వస్తాయి, కాబట్టి ఆ మన్ను ఎక్కడి దిబ్బదో రైతునే అడగాలి. నిలబడ్డ చెరకులో నేల కనబడదు. నరికాక అదే మోడు నుంచి కార్శి పంట తీస్తే మళ్లీ ఏడాది నాగలి పడదు. అందుకే కార్శి తీసేసి తోట దున్నినప్పుడే, మరో పంట మొలకెత్తకముందే నడవాలి.