నంబర్లు కలిసిన కారు: ఒక పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు

1967లో షెవర్లే కంపెనీ తన స్పోర్ట్స్ కారు కార్వెట్ స్టింగ్‌రేకి ఎల్-88 అనే ఇంజిన్‌ను అదనపు హంగుగా అమ్మింది. దాని ధర 947 డాలర్ల 90 సెంట్లు. పందేల మీద ప్రాణం పెట్టుకున్న ఇంజినీరు జోరా ఆర్కస్-డంటోవ్ పట్టుదల వల్ల వచ్చిన ఇంజిన్ అది. కంపెనీ కాగితాల్లో 430 హార్స్‌పవర్ అని రాసింది గానీ అసలు శక్తి 500 దాటేది. ఆ కారులో రేడియో లేదు, హీటరూ లేదు. ఆ ఏడాది తయారైన 22,940 కార్వెట్లలో ఎల్-88 పడినవి 20 మాత్రమే. వాటిలో ఒకటి 2014 జనవరిలో అరిజోనా రాష్ట్రంలోని స్కాట్స్‌డేల్‌లో, బారెట్-జాక్సన్ వేలంలో 38 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది.

ధర అంత ఎత్తుకు వెళ్లాక దొంగసరుకు పుట్టకుండా ఉంటుందా? మామూలు కార్వెట్‌కి, ఎల్-88కి పైపైన తేడా తక్కువ. ఎల్-88 బానెట్ బజారులో దొరుకుతుంది. దాని 427 ఘనపుటంగుళాల ఇంజిన్ బ్లాకూ దొరుకుతుంది, నంబర్లు కొట్టే పంచ్‌లూ దొరుకుతాయి. కొనడానికి దొరకనిది ఆ కారు నడిచొచ్చిన చరిత్ర ఒక్కటే. కొనేముందు ఆ చరిత్రను వెలికితీసే పరీక్షలో ముఖ్యమైన మాట ‘నంబర్లు కలవడం’. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఇంకా ఆ కారులో ఉందని దాని అర్థం.

విచిత్రమేమిటంటే ఈ నంబర్లు పాతకార్లు కొనేవాళ్ల కోసం పుట్టినవి కావు. తొలినాళ్లలో కంపెనీ తన లెక్క కోసం ఛాసిస్‌కి ఒక నంబరు, ఇంజిన్‌కి ఒక నంబరు వేసుకునేది. 1950ల మొదటివరకు అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో బండి రిజిస్ట్రేషన్ ఇంజిన్ నంబరు మీదే జరిగేది. ఇంజిన్ మారిస్తే కాగితాల్లో బండే మారిపోయేది. 1954 నుంచి అక్కడి కంపెనీలు బండి మొత్తానికి ఒకే గుర్తింపు నంబరు ఇవ్వసాగాయి. అదే ‘విన్’. అయితే ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అందరికీ ఒకే విధమైన 17 అక్షరాల విన్ 1981లో గాని రాలేదు. అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులోంచి తీసేశారు. తొమ్మిదో స్థానంలో ఉన్నది తనిఖీ అంకె. మిగతావాటితో లెక్క కడితే అది సరిపోవాలి, లేదంటే నంబరులో తప్పున్నట్టే.

1967 కార్వెట్‌కి ఆ సదుపాయం లేదు. గ్లవ్‌బాక్స్ కింద ఉండే పలక మీద మొదటి ‘1’ షెవర్లేకి గుర్తు, ‘94’ కార్వెట్‌కి, ‘37’ కూపేకి, ‘7’ సంవత్సరానికి. ‘ఎస్’ అంటే సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ. చివరి ఆరంకెలూ వరుస నంబరు. ఏ ఇంజిన్ వేశారో ఇందులో ఎక్కడా లేదు! షెవర్లే విన్‌లోకి ఇంజిన్ గుర్తు చేరింది 1972లో. మోసగాడు దూరే సందు సరిగ్గా ఇదే. సాదా ఇంజిన్‌తో పుట్టిన కారుకు ఖరీదైన ఇంజిన్ బిగిస్తే విన్ పలక అడ్డు చెప్పదు.

కాబట్టి పరీక్ష ఇంజిన్ దగ్గరికి దిగాలి. ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కి ముందు, బ్లాకు మీద వేలెడంత చదునైన జాగా ఉంటుంది. అక్కడ రెండు ముద్రలు కనబడాలి. ఒకటి ఇంజిన్ ఫ్యాక్టరీ వేసింది. ఉదాహరణకు ‘టి0420ఐటి’ అని ఉంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండాలో ఏప్రిల్ 20న జోడించిన ఎల్-88 ఇంజిన్ అని. రెండోది కారు వరుస నంబరు. ఇవి కాక బ్లాకు పోతపోసిన రోజు లోహంలోనే ఉబ్బెత్తుగా ఉంటుంది. ‘డి 12 7’ అంటే 1967 ఏప్రిల్ 12. ముందు పోత, తర్వాత జోడింపు, ఆ తర్వాతే కారు. కారు తయారయ్యాక పోసిన బ్లాకు ఆ కారుతో పుట్టిందెలా అవుతుంది? నంబరు దిద్దినవాడు చాలాసార్లు దొరికిపోయేది ఈ తేదీల దగ్గరే.

ఇంకా దగ్గరగా, టార్చి వేసి ఏటవాలుగా చూస్తే ఆ జాగా మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో బ్రోచింగ్ యంత్రం బ్లాకు పైతలాన్ని ఒకే ఊపులో గీసుకుంటూ పోయినప్పుడు పడ్డవి అవి. అన్నీ బ్లాకు పొడవునా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. పాత నంబరు అరగదీసి కొత్తది కొడితే ఆ గీతలు పోతాయి. వర్క్‌షాపులో తిరిగే కట్టర్‌తో చదును చేస్తే వంపు గీతలు పడతాయి. ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. బోరుకొచ్చిన ఇంజిన్‌కి నిజాయితీగా పని చేయించినప్పుడు కూడా ఆ పైతలం చెక్కుతారు, అసలు ముద్ర దాంతోపాటే పోతుంది. లోహం ఒక్కటే సాక్ష్యం కాదు, కాగితం కూడా కావాలి.

కార్వెట్ కాగితాల్లో పేరున్నది ట్యాంక్ స్టిక్కర్. 1967లో మొదలుపెట్టి, ఏయే హంగులు వేయాలో రాసిన ఆర్డరు కాగితాన్ని పెట్రోలు ట్యాంకు పైభాగాన అంటించేవారు. ట్యాంకు దించితే గాని చూడలేం. వారంటీ పుస్తకంలో ఉండే చిన్న లోహపు పలక మరో ఆధారం. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక ఇరుసు గుర్తులు దాని మీద ఉంటాయి. మొదటి యజమాని నుంచి నేటి యజమాని వరకు బిల్లులు, ఫొటోలు వరుసగా ఉంటే వాటి విలువ వేరు. ఈ పరిశీలనకు ఒక శాస్త్రం తెచ్చింది అభిమానులే. ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో 1973లో కార్వెట్ల ప్రదర్శన మొదలైంది. మరుసటి ఏడు నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ ఏర్పడింది. ఏ నెలలో ఏ బోల్టు వేశారు, ఏ పైపుకి ఏ రంగు గీత ఉంది అన్నంత వివరంగా వాళ్లు పుస్తకాలు రాసిపెట్టారు. ఆ కృషి లేకుంటే ఇవాళ కొనేవాడికి దిక్కు ఉండేది కాదు.

నంబర్లన్నీ కలవకపోతే కారు అసలుది కాదా? ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టుకు వెళ్లింది. 1929, 1930ల్లో వరుసగా రెండేళ్లు లె మాన్ 24 గంటల పందెం గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ ‘ఓల్డ్ నంబర్ వన్’ను కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పందం కుదిరింది. పందేల కాలంలోనే దాని ఇంజిన్, బాడీ మారాయి, 1932లో బ్రూక్‌లాండ్స్‌లో ఘోర ప్రమాదమూ జరిగింది. అలాంటప్పుడు ఇది ఆ కారు కాదు పొమ్మన్నాడు కొనేవాడు. 1929 నాటి భాగాలు మిగిలింది కొంచెమేనని జస్టిస్ ఆటన్ ఒప్పుకున్నారు. కానీ దాని చరిత్ర ఎక్కడా తెగలేదని, ఆ పేరు చెప్పుకోగల కారు మరొకటి లేదని తేల్చి అమ్మినవాడి పక్షాన తీర్పిచ్చారు.

మన ఆర్టీఏ ఆఫీసుల్లో బండి పేరు మార్చేటప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ప్రింటు తీయడం తెలిసిందే. ఆ తనిఖీ కూడా ఈ కుదురులోదే. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత బండ్లకు, రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని ఉండే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంచాలన్నది షరతు. హైదరాబాదులోనో విజయవాడలోనో తాతల నాటి కారును బాగుచేయించుకునేవాళ్లకు ఇది సూటిగా తగిలే మాట.

ఇన్ని దశాబ్దాల పరీక్ష నేర్పేది ఒకటే. నంబరు, తేదీ, కాగితం మూడూ ఒకే కథ చెప్పాలి. ఒకటి అడ్డం తిరిగితే డబ్బు కట్టకముందే ఆ ఒక్కదాని గుట్టు విప్పించుకోవాలి. ఆ మోడల్ తెలిసిన పరీక్షకుడికి ఇచ్చే ఫీజు, తర్వాత పడే నష్టం ముందు లెక్కలోకి రాదు. అమ్మేవాళ్లకూ ఇందులో ధర్మం ఉంది. ఇంజిన్ మారిన కారుకు ధర తగ్గుతుందే తప్ప పరువు తగ్గదు. మారిన సంగతి కాగితం మీద రాసి అమ్మితే ఆ కారు చరిత్ర తెగకుండా సాగుతుంది. కొత్త నంబరు కొట్టి దాచినవాడు ఒక కొనుగోలుదారునే కాదు, ఆ తర్వాత దాన్ని కొనే ప్రతి ఒక్కరినీ మోసం చేసినట్టే.