సంరక్షణ గృహాలలో భద్రత, అంటురోగాల నియంత్రణ - పాటించవలసిన ప్రమాణాలు

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడు రాష్ట్రం రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకొని 28 మంది మరణించారు. వారిలో అత్యధికులను గొలుసులతో బంధించి ఉంచినందువల్ల పాక కాలిపోతున్నా లేచి బయటికి రాలేకపోయారు. 2020 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ బాధితుల సంరక్షణ కేంద్రంగా మార్చిన ఒక హోటల్‌లో మంటలు చెలరేగి 10 మంది ప్రాణాలు కోల్పోయారు. ఒకటి పాక, మరొకటి బహుళ అంతస్తుల భవనం. రెండింటి నడుమ 19 సంవత్సరాల వ్యవధి ఉంది. అయినప్పటికీ రెండూ అందరూ నిద్రలో ఉన్న వేళ, సిబ్బంది అతి తక్కువగా ఉండే వేళ సంభవించినవే.

వృద్ధాశ్రమాలు, బాలల సంరక్షణాలయాలు, దివ్యాంగుల గృహాలు, మానసిక రోగుల పునరావాస కేంద్రాలు మొదలైన వాటన్నింటినీ ఈ వ్యాసంలో సంరక్షణ గృహాలుగా పేర్కొనడమైనది. వీటిలో పాటించవలసిన ప్రమాణాలను పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల సమాచారార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఈ గృహాలలో నివసించేవారు ఆపద సమయంలో తమను తాము కాపాడుకోగలిగిన స్థితిలో ఉండరు. తలుపు తెరవడానికి, చేయి కడుక్కోవడానికి, ఒంట్లో బాగాలేదని చెప్పడానికి సైతం వారిలో అనేకులకు మరొకరి సహాయం కావాలి. కనుక ఇక్కడ భద్రత అనేది కార్యాలయం గోడకు వేలాడే ధ్రువపత్రం మీద కాక, ఆ పూట విధులలో ఉన్న ఆయా, వంటమనిషి, రాత్రి కాపలాదారుల అలవాట్ల మీద ఆధారపడి ఉంటుంది. తనిఖీలు సాధారణంగా పగటిపూట జరుగుతాయి. ప్రమాదాలు ఆ వేళలు చూసుకొని రావు.

చట్టపరమైన నిబంధనలు

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలు ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను దశలవారీగా నెలకొల్పవచ్చును. ఈ చట్టం క్రింద కేంద్రం రూపొందించిన నమూనా నియమావళి మేరకు పడక గదిలో ఒక్కొక్కరికి 7.5 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. వంటగది, భోజనశాల, వైద్య గది మొదలైనవి కలుపుకొని ఒక్కొక్కరికి 12 చదరపు మీటర్లు ఉండాలి. వాలుదారులు, చేతిపట్టు కడ్డీలు, జారని నేల కూడా అవసరం.

బాలల గృహాలకు 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, దివ్యాంగుల సంస్థలకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి. మానసిక రోగులను ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 లోని 95వ సెక్షన్ నిషేధించింది. ప్రైవేటు వృద్ధాశ్రమాల విషయంలో మాత్రం 2007 నాటి కేంద్ర చట్టంలో ఇటువంటి నమోదు నిబంధన లేదు. ఆ లోటును పూరించేందుకు 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లును ప్రవేశపెట్టగా, 17వ లోక్‌సభ కాలం ముగిసేనాటికి అది ఆమోదం పొందలేదు. ఒక అద్దె ఇంటిలో పది మంచాలు వేసి బోర్డు కట్టినవారు సైతం వృద్ధాశ్రమం నడుపుతున్నట్లే పరిగణింపబడుతున్నారు. పరిశీలనకు వెళ్ళిన అధికారి మొట్టమొదట తెలుసుకోవలసినది ఆ గృహం ఏ చట్టం క్రిందకు వస్తుంది, ఏ శాఖకు జవాబుదారీగా ఉన్నది అనే విషయమే.

అగ్ని ప్రమాదాల నివారణ

జాతీయ భవన నిర్మాణ స్మృతి వృద్ధుల, అనాథల గృహాలను నివాస భవనాలుగా కాక సంస్థాగత భవనాలుగా వర్గీకరించింది. కుటుంబం నివసించేందుకు కట్టిన ఇంటిని ఆశ్రమంగా మార్చినప్పుడు భవనం మారకపోయినా దానికి వర్తించే ప్రమాణాలు మారతాయని దీని అర్థం. ఈ విషయాన్ని నిర్వాహకులలో అనేకులు గుర్తించడం లేదు.

మంచం దిగలేని వారిని క్రింది అంతస్తులో ఉంచాలి. కిటికీలకు, వరండాలకు బిగించిన ఇనుప గ్రిల్ దొంగలను ఆపుతుంది గానీ మంటలు లేచినప్పుడు లోపలివారిని కూడా ఆపుతుంది. కనుక రాత్రివేళ తాళం వేసే ప్రతి ద్వారం తాళంచెవి విధులలో ఉన్నవారి దగ్గరే ఉండాలి. మేనేజరు ఇంట్లో ఉంటే ప్రయోజనం లేదు. వంట గ్యాస్ సిలిండర్లను భవనం వెలుపల ఉంచాలి. ఆక్సిజన్ వాడుతున్న గదిలో దీపం, అగరువత్తి, దోమల చుట్ట వెలిగించరాదు. పూజగదిని పడక గదులకు దూరంగా ఏర్పాటు చేయడం శ్రేయస్కరం. అగ్నిమాపక సాధనాల గడువు తేదీని చూసి సంతృప్తి చెందడం కన్నా, వాటిని వాడి చూపమని ఆయాను అడగడం మంచి పరీక్ష. లేవలేని మనిషిని దుప్పటితో సహా నేలపైకి దించి ఈడ్చుకొని రావడం ఆమెకు నేర్పారా లేదా అన్నది ఇంకా ముఖ్యం. ఇటువంటి అభ్యాసం రాత్రి సిబ్బందితో, రాత్రి వేళనే జరపాలి.

వృద్ధులు జారిపడటం అగ్ని ప్రమాదమంత వార్త కాకపోవచ్చును. కానీ తుంటి ఎముక విరిగిన వృద్ధులు అనేకులు మళ్ళీ నడవలేకపోతున్నారు. మంచం నుంచి మరుగుదొడ్డి వరకు రాత్రంతా వెలిగే చిన్న దీపం, గోడకు పట్టుకొనే కడ్డీ, తడి లేని నేల ఉంటే ఈ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించవచ్చును.

అంటురోగాల నియంత్రణ

కోవిడ్ కాలంలో ఈ అంశం ప్రాముఖ్యం ప్రపంచానికి తెలిసివచ్చింది. అనేక దేశాలలో కోవిడ్ మరణాలలో 40 శాతానికి పైగా దీర్ఘకాలిక సంరక్షణ గృహాలతో ముడిపడి ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూలైలో పేర్కొన్నది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇటువంటి గృహాలలో వ్యాధి ప్రబలిన తీరును ఆ దేశపు ఆరోగ్య అధికారులు పరిశీలించారు. వ్యాధి లక్షణాలున్న సిబ్బంది విధులకు రావడం, ఒకే వ్యక్తి రెండు మూడు గృహాలలో పనిచేయడం వ్యాప్తికి తోడ్పడిన కారణాలలో ఉన్నట్లు వెల్లడైంది. మన పరిస్థితి ఇందుకు భిన్నం కాదు. రోజు కూలి లెక్కన పనిచేసే ఆయాకు జ్వరం వచ్చిన రోజున జీతం కోస్తే, ఆమె జ్వరంతోనే వస్తుంది. అటువంటి చోట గేటు వద్ద ఉంచిన శానిటైజర్ సీసా అలంకారంగా మిగులుతుంది. అనారోగ్య సెలవుకు జీతం చెల్లించడాన్ని సంక్షేమ చర్యగానే కాక, అంటురోగ నియంత్రణ చర్యగా కూడా భావించాలి.

చేతుల శుభ్రత విషయంలో సబ్బు, నీళ్ళతో 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రావణంతో 20 నుంచి 30 సెకన్లు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒకరిని తాకిన తరువాత, మరొకరిని తాకబోయే ముందు ఈ పని జరగాలి. ఒకే జత చేతి తొడుగులతో వరుసగా పది మందికి స్నానం చేయించడం తొడుగులు లేకపోవడం కన్నా ప్రమాదకరం కావచ్చును. తన చేతులు శుభ్రంగా ఉన్నవనే భ్రమ వాటిని తొడుక్కున్నవారికి కలుగుతుంది. వాంతులు, విరేచనాలకు కారణమయ్యే నోరోవైరస్‌పై ఆల్కహాల్ ద్రావణాలు అంతగా పనిచేయవు. అప్పుడు సబ్బే శరణ్యం. లక్షణాలు తగ్గిన తరువాత కూడా 48 గంటల వరకు సిబ్బందిని, ముఖ్యంగా వంటవారిని, విధులకు దూరంగా ఉంచాలి. మలమూత్రాలు, వాంతి పడిన చోటును ముందుగా తుడిచి, లీటరు నీటికి సుమారు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపిన ద్రావణంతో శుద్ధి చేయాలి. ఈ ద్రావణాన్ని ఏ రోజుకు ఆ రోజు తయారు చేసుకోవాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో దీనిని ఎన్నడూ కలపరాదు. విషవాయువు వెలువడుతుంది.

గజ్జి మన ఆశ్రమాలలో తరచుగా కనిపించే వ్యాధి. దీనిని అపరిశుభ్రతగా భావించి దాచిపెట్టడం పరిపాటి. మొదటిసారి సోకినవారికి దురద మొదలయ్యేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చును. ఈలోగా వారి నుంచి ఇతరులకు సోకుతుంది. అందువల్ల దురద ఉన్న ఒక్కరికే మందు రాస్తే వ్యాధి తిరిగి వస్తుంది. వైద్యుని సలహాతో గృహంలోని నివాసులందరికీ, సిబ్బందికీ ఒకే రోజున చికిత్స చేసి, దుప్పట్లు, బట్టలు వేడినీటిలో ఉతికి ఎండబెట్టవలసి ఉంటుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారికి క్షయ పరీక్ష జరిపించాలి. పడక గదులలో గాలి ఎదురెదురు కిటికీల గుండా ప్రవహించేలా చూడాలి. చలికాలంలో కిటికీలన్నీ మూసి ఉంచే అలవాటు ఈ విషయంలో హాని చేస్తుంది.

మధుమేహ పరీక్షల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. వేలు పొడిచే పరికరాన్ని ఒకరి తరువాత ఒకరికి వాడటం వల్ల హెపటైటిస్ బి వ్యాపించిన సంఘటనలు విదేశాలలోని సంరక్షణ గృహాలలో నమోదయ్యాయి. సూదిని మార్చినంత మాత్రాన చాలదు. పరికరం కూడా ఎవరిది వారికే ఉండాలి. ఇన్సులిన్ పెన్ను సైతం అంతే. దాతల సౌజన్యంతో జరిగే ఉచిత వైద్య శిబిరాలలో ఈ నియమం తప్పకుండా చూడవలసిన బాధ్యత నిర్వాహకులదే.

వృద్ధులలో అంటురోగం వచ్చినప్పుడు జ్వరం కనబడకపోవచ్చును. హఠాత్తుగా అన్నం మానివేయడం, మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం, పడిపోవడం మొదటి సూచనలు కావచ్చును. వీటిని వయోభారంగా భావించి వదిలివేయరాదు. 72 గంటల వ్యవధిలో ఇద్దరు లేదా అంతకు మించి ఒకే విధమైన లక్షణాలతో బాధపడుతుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి తెలియజేయాలి. ఎన్ని కేసులు అయితే తెలపాలి అని ఎదురు చూడటం సరికాదు.

దాతలు తెచ్చే ఆహారం

పుట్టినరోజులకు, వర్ధంతులకు ఆశ్రమాలలో అన్నదానం చేయడం మన సమాజంలోని గొప్ప సంప్రదాయం. దానిని ఆటంకపరచనవసరం లేదు. అయితే ఉదయం ఆరు గంటలకు వండిన పులిహోర, సాంబారు ఫొటోలు, ప్రసంగాలు ముగిసి మధ్యాహ్నం రెండింటికి వడ్డించబడటం తరచుగా జరుగుతున్నది. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రత వద్ద రెండు గంటలకు మించి ఉంచరాదు. వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచాలి. వీలైనంతవరకు దాతల నుంచి సరుకులు స్వీకరించి గృహంలోనే వండటం ఉత్తమం. జలుబు, దగ్గు ఉన్న దాతలను ఆ రోజుకు గేటు వద్దనే సవినయంగా ఆపాలి. ఇది చెప్పడం నిర్వాహకులకు కష్టమే. త్రాగునీటిలో క్లోరిన్ శేషం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతున్నది. ట్యాంకు వద్ద కాక, నివాసులు నీళ్ళు పట్టుకొనే కుళాయి వద్ద దీనిని పరీక్షించాలి.

వార్తా సేకరణలో

ప్రమాదం జరిగిన తరువాత అనుమతి పత్రం ఉన్నదా లేదా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. దానితో పాటు ఆ రాత్రి విధులలో ఎందరున్నారు, ఎందరిని చూసుకొంటున్నారు, చివరిసారి తప్పించుకొనే అభ్యాసం ఎప్పుడు జరిగింది అని కూడా విలేకరులు విచారించగలరు. జవాబులు రిజిస్టరులో ఉండాలి. అన్ని రోజులకూ ఒకే సిరాతో, ఒకే చేతివ్రాతతో పూర్తి చేసిన రిజిస్టరును సందేహించడం తప్పు కాదు. బాలల గృహాలలో పిల్లల పేరు, ముఖం, చిరునామా వెల్లడించడాన్ని బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తున్నది. వృద్ధుల, మానసిక రోగుల ఛాయాచిత్రాలను సైతం వారి అంగీకారం లేకుండా ప్రచురించకుండా ఉండాలని కోరడమైనది.

వయోవృద్ధుల సమస్యలపై 14567, బాలలకు సంబంధించి 1098, అగ్నిమాపక శాఖకు 101, అత్యవసర వైద్య సహాయానికి 108 నంబర్లకు ఫోన్ చేయవచ్చును.