‘కల్లోలిత’ పదచరిత్ర: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పూర్వప్రత్యయాల అర్థపరిణామం

వ్యాససంగ్రహం:
పదం ముందు చేరే చిన్న ప్రత్యయం అర్థాన్ని మార్చివేస్తుంది. కరీంనగర్ జిల్లా రైతాంగ చరిత్రలో ఈ మార్పు భూమిపై హక్కునూ, మనుషుల ప్రాణభద్రతనూ ప్రభావితం చేసింది. ఉర్దూ, సంస్కృత, ఆంగ్ల పూర్వప్రత్యయాలు గల కొన్ని పదాల ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఉపసర్గ, బేదఖలు, ఉద్యమం, బహిష్కరణ, కల్లోలిత ప్రాంతం.

1. ఉపోద్ఘాతం
ఉపసర్గ ధాత్వర్థాన్ని బలవంతంగా వేరొక చోటికి తీసుకొనిపోతుందని వైయాకరణుల సంప్రదాయం. ‘హృ’ ధాతువొక్కటే ఉపసర్గభేదం చేత ఆహారం, ప్రహారం, సంహారం, పరిహారం అవుతుంది. ఆంగ్లంలో ‘అగ్రీ’కి ‘డిస్’ చేరితే అంగీకారం విభేదమవుతుంది. ‘లాఫుల్’కు ‘అన్’ చేరితే చట్టబద్ధమైనది చట్టవిరుద్ధమవుతుంది. అయితే పూర్వప్రత్యయం ప్రతిచోటా వ్యతిరేకార్థమే ఇవ్వదు. ‘డిస్టర్బ్డ్’ అందుకు ఉదాహరణ.

2. దఖలు – బేదఖలు
నిజాం పాలనలో కచ్చేరీ భాష ఉర్దూ. ‘దఖలు’ అంటే స్వాధీనం. దానికి ‘బే’ చేరిన ‘బేదఖలు’ కౌలుదారును భూమి నుండి తొలగించడాన్ని సూచించింది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించినా, తెలంగాణ పల్లెల్లో బేదఖలు భయం వెంటనే తొలగిపోలేదు.

3. ఉద్యమం – బహిష్కరణ
‘యమ్’ ధాతువుకు నిగ్రహించడం, ఆపడం అని అర్థం. ‘ని’ చేరితే నియమం, ‘సమ్’ చేరితే సంయమం; రెంటిలోనూ నిగ్రహార్థం నిలిచే ఉంటుంది. ‘ఉత్’ చేరిన ‘ఉద్యమం’లో మాత్రం పైకెత్తడం, పూనుకోవడం అనే అర్థాలు ప్రధానమవుతాయి. 1977-78లో ఈ ప్రాంత రైతుకూలీ సంఘాలు వెట్టి రద్దునూ, కూలిరేట్ల పెంపునూ కోరాయి. దొరలు వసూలు చేసిన జరిమానాలను తిరిగి ఇవ్వాలని, వారి ఆక్రమణలోని బంజర్లను పేదలకు అప్పగించాలని పట్టుబట్టాయి.

ఆ పోరాటంలో ప్రముఖ సాధనం సాంఘిక బహిష్కరణ. ‘బహిస్’ ప్రాదులలో చేరదు, అది అవ్యయం. పూర్వపదంగా నిలిచి ‘బయట ఉంచడం’ అనే అర్థాన్నిస్తుంది. అంతకుముందు వెలి వేసే అధికారం ఊరిపెద్దలదే. ఇప్పుడు చాకలి, మంగలి మొదలైన వృత్తులవారు దొరలకు సేవలు నిలిపివేశారు. పదరూపం మారలేదు, కర్త మారాడు. 1978 సెప్టెంబరులో జగిత్యాల పట్టణంలో వేలాది రైతుకూలీలు జరిపిన ప్రదర్శన ‘జగిత్యాల జైత్రయాత్ర’గా ప్రసిద్ధి పొందింది.

4. డిస్టర్బ్డ్ – కల్లోలిత
1978 అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ‘డిస్టర్బ్డ్ ఏరియా’లుగా ప్రకటించింది. ఇందుకు ఆధారం 1948 నాటి అల్లర్ల అణచివేత చట్టం. ప్రాణహాని కలిగించేంతటి బలప్రయోగానికి సైతం ఆ చట్టం పోలీసు అధికారులకు అవకాశమిచ్చింది.

ఈ పదంలోని ‘డిస్’ అభావాన్ని తెలపదు. లాటిన్ ‘టుర్బా’ అంటే గుంపు, కలకలం. దాని నుండి ఏర్పడిన ‘టుర్బారె’ అనే క్రియ కలతపెట్టడాన్ని తెలుపుతుంది. ‘డిస్’ ఆ అర్థాన్నే తీవ్రం చేస్తుంది. అంటే పదమూలంలోనే జనసమూహం ఉన్నది. తెలుగులో ప్రచారం పొందిన ‘కల్లోలిత’లో పూర్వప్రత్యయం లేదు, ‘కల్లోలం’ అంటే పెద్ద అల. అనువాదంలో గుంపు పోయి అల మిగిలింది. దానివల్ల కలత పెట్టినవారెవరు, కలత చెందినవారెవరు అన్న ప్రశ్న మరుగున పడింది. వెట్టి సాగిన కాలమంతా ప్రశాంతకాలంగా, దానిని ప్రశ్నించిన కాలం కల్లోలంగా లెక్కకు వచ్చింది.

5. ముగింపు
దఖలును పోగొట్టినది ‘బే’, నిగ్రహాన్ని ఉద్యమంగా మార్చినది ‘ఉత్’, జనసమీకరణను శిక్షార్హమైన స్థితిగా చూపినది ‘డిస్’. 2016 పునర్విభజనతో జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లాలోనూ, సిరిసిల్ల మరొక జిల్లాలోనూ చేరాయి. పాలనాపరమైన పేర్లు మారినా, పరిశోధనగ్రంథాల్లో ‘కల్లోలిత ప్రాంతం’ అనే పేరు సామాన్య విశేషణంలా కొనసాగుతున్నది. అది ఒక ఉత్తర్వు ఇచ్చిన పేరన్న ఎరుకతో దానిని ప్రయోగించడం చరిత్రరచనకు అవసరం.