అండమాన్ దీవుల్లో పర్యాటకులకు క్రీడా మత్స్యవేట
(ప్రత్యేక వ్యాసం)

బంగాళాఖాతంలో భారత ప్రధాన భూభాగానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో గల అండమాన్ దీవులు పర్యాటకులతో పాటు గాలపు వేట క్రీడాకారులను కూడా ఆకర్షిస్తున్నాయి. చేపను గాలంతో పట్టి, కొలత తీసుకొని, ఫోటో దిగి, తిరిగి సముద్రంలోకి ప్రాణాలతో విడిచిపెట్టడం ఈ క్రీడ ప్రత్యేకత. జీవనోపాధి కోసం సాగే చేపల వేటకు, దీనికి గల ముఖ్యమైన తేడా ఇదే.

ఈ దీవులతో తెలుగువారికి గల అనుబంధం చాలాకాలంగా కొనసాగుతున్నది. ఉత్తర కోస్తా ప్రాంతం నుంచి తరలివెళ్లిన మత్స్యకార కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అక్కడి సముద్రం క్షేమంగా ఉండటం పర్యాటకులకే కాక ఈ కుటుంబాలకు కూడా బతుకుతెరువుతో ముడిపడిన విషయం.

యాత్ర సాగే విధం

శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్), స్వరాజ్ ద్వీప్ (2018 డిసెంబరు వరకు హేవ్‌లాక్) ఈ యాత్రలకు ప్రధాన కేంద్రాలు. రెండు ఇంజన్లు గల ఫైబర్ పడవల్లో కొద్దిమంది చొప్పున తెల్లవారుజామున బయలుదేరి సాయంత్రానికి తిరిగి వస్తారు. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతమైన బారెన్ ద్వీపం వైపు దూరప్రయాణాలు కూడా జరుగుతాయి. అయితే ఆ ద్వీపంపై దిగేందుకు పర్యాటకులకు అనుమతి లేదు.

వేట పద్ధతులు ప్రధానంగా మూడు. పగడపు దిబ్బల అంచున నీటి పైభాగంలో చప్పుడు చేసే కృత్రిమ ఎరను లాగడం 'పాపింగ్'. లోతు నీటిలోకి లోహపు ఎరను దించి పైకి కిందికి ఆడించడం 'జిగ్గింగ్'. కదిలే పడవ వెనుక ఎరను ఈడ్చుకుపోవడం 'ట్రోలింగ్'. మన తీరంలో కొమ్ముకోనాంగా పిలిచే సెయిల్‌ఫిష్, సూర జాతి చేపలు, బారకూడా, వాహూ మొదలైనవి ఇక్కడ లభిస్తాయి. వీటన్నింటిలోనూ క్రీడాకారులు అధికంగా కోరుకునేది పార జాతిలో అతి పెద్దదైన జెయింట్ ట్రెవల్లీ. 2006లో జపాన్‌లో 72.8 కిలోల బరువు గల ఈ చేప పట్టుబడగా, 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ దానిని ప్రపంచ రికార్డుగా నమోదు చేసింది.

విడిచిపెట్టడమే కీలకం

హవాయి దీవుల్లో జరిగిన పరిశోధనల ప్రకారం ఈ చేప సుమారు 60 సెంటీమీటర్ల పొడవు పెరిగిన తరువాత, అంటే దాదాపు మూడేళ్ల వయసులో గుడ్లు పెట్టే దశకు చేరుకుంటుంది. చిన్న ఆడచేపల కంటే పెద్ద ఆడచేపలు ఎన్నో రెట్లు అధికంగా గుడ్లు పెడతాయి. కనుక దిబ్బపై ఉన్న పెద్ద చేపలను వరుసగా పట్టి చంపితే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. సంతలో అమ్మిన చేప ఒక్కసారే ఆదాయమిస్తుంది. విడిచిన చేప మరో పర్యాటకుని రప్పిస్తుంది.

అయితే విడిచిన ప్రతి చేపా బతుకుతుందని భావించరాదు. ఎక్కువసేపు పెనుగులాడిన చేప కండరాల్లో ఆమ్లం పేరుకుపోయి, ఈదే శక్తి సన్నగిల్లుతుంది. ఆ స్థితిలో సొరచేపలకు సులభంగా చిక్కుతుంది. అందువలన బలమైన గాలపు తాడు వాడి త్వరగా ఒడ్డుకు లేదా పడవకు చేర్చుట, ముల్లు లేని ఒంటి కొక్కెం వాడుట, తడి చేతులతో పొట్ట కింద ఆనించి అడ్డంగా పట్టుకొనుట, మొప్పలు పట్టి వేలాడదీయకుండుట ముఖ్యమైన జాగ్రత్తలు. లోతు నుంచి లాగిన గ్రూపర్, స్నాపర్ చేపల్లో పీడనం తగ్గి గాలితిత్తి ఉబ్బుతుంది. అవి తిరిగి లోతుకు దిగలేక నీటిపై తేలియాడుతూ మరణించవచ్చు. ఇటువంటి చేపల విషయంలో తినడానికి కావలసినన్ని పట్టి వేట ఆపడమే మేలైన మార్గం.

పాటించవలసిన నిబంధనలు

* చేపల వేటకు అండమాన్ నికోబార్ పాలనాయంత్రాంగపు మత్స్యశాఖ నుంచి ముందుగా అనుమతి పొందాలి.
* 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ, 1996లో ఏర్పాటైన రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ ఉద్యానవనాల పరిధిలో వేట నిషిద్ధం.
* 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుగాంగ్ (సముద్రపు ఆవు), సముద్ర తాబేళ్లు, తిమింగల సొర, పగడాలు రక్షిత జాబితాలో ఉన్నాయి. పగడపు ముక్కను సేకరించడం కూడా నేరమే.
* తూర్పు తీరంతో పాటు అండమాన్ సముద్రంలో కూడా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం అమలవుతుంది. ఈ రోజుల్లో యాత్ర తలపెట్టేవారు ముందుగా మత్స్యశాఖను సంప్రదించడం అవసరం.
* 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల ప్రకారం ఉత్తర సెంటినెల్ ద్వీపం, దాని చుట్టూ 5 కిలోమీటర్ల సముద్రం నిషిద్ధ ప్రాంతం.

చివరి నిబంధనను తేలికగా తీసుకోరాదు. 2006లో పడవ కొట్టుకుపోయి ఆ తీరానికి చేరిన ఇద్దరు మత్స్యకారులు ప్రాణాలు కోల్పోయారు. 2018 నవంబరులో ఒక విదేశీయుడు రహస్యంగా అక్కడికి వెళ్లి మరణించగా, ఆయనను పడవలో చేరవేసిన మత్స్యకారులు అరెస్టయ్యారు. పర్యాటకుడు ఎంత సొమ్ము ఇవ్వజూపినా హద్దు దాటితే పడవవారికి కూడా శిక్ష పడుతుంది. బయటివారి ద్వారా వ్యాపించే వ్యాధులకు తట్టుకునే శక్తి లేని ఆ తెగకు కూడా అటువంటి ప్రయాణం ప్రాణాంతకం.

2004 డిసెంబరు 26 నాటి సునామీ, 2010లో సముద్రపు వేడిమి వలన పగడాలు తెల్లబారుట ఈ దీవుల తీరాన్ని తీవ్రంగా దెబ్బతీశాయి. పగడపు దిబ్బ ఉన్నంతవరకే చేప, చేప ఉన్నంతవరకే యాత్ర. లంగరును దిబ్బపై కాక ఇసుక నేలపై వేయడం, తెగిన గాలపు తాడును సముద్రంలో పారవేయక వెంట తెచ్చుకోవడం వంటి చిన్న జాగ్రత్తలు ప్రతి పర్యాటకుడూ పాటించదగినవి.