చుట్టిల్లు

చుట్టిల్లు అనునది ఉత్తరకోస్తాంధ్రమున, విశేషించి శ్రీకాకుళ విజయనగర జిల్లాల గ్రామసీమలయందు, మట్టిగోడలతో వర్తులాకారముగ నిర్మింపబడి, తాటాకుతోగాని గడ్డితోగాని నేయబడిన శంకురూపమగు పైకప్పు గల సంప్రదాయ నివాసగృహము.

శ్రీకాకుళ జిల్లాయందలి నరసన్నపేట పరిసరములవలె బంగాళాఖాతమునకు చేరువగ నుండు ప్రదేశములు తుపానుల తాకిడికి తరచుగ లోనగుటయు, మన్ను, తాటిచెట్టు, వెదురు, గడ్డి సమీపముననే లభించుటయు ఈ రూపమునకు మూలకారణములు.

గోడకై మన్నును నానబెట్టి, త్రొక్కి, ముద్దలుగ పేర్చి, ఒక వరుస ఆరిన పిదప మరియొకటి పెట్టుదురు. వాసములు శిఖరమున నొకచోట కలియును. క్రిందికి వ్రేలాడు చూరు గోడను వానకును ఎండకును మరుగుపరచును. లోపలి అటక సామగ్రిని దాచుటకును, వేడిమి నడ్డుటకును ఉపకరించును.

మూలలు లేని గోడను గాలి ఒరసికొని పోవుటచే ఒత్తిడి ఒకచోట కేంద్రీకృతము గాదు. చుట్టుకొలత సమానమైనచో, వృత్తము చతురస్రముకంటె సుమారు 27 శాతము అధిక వైశాల్యమును ఇముడ్చుకొనును. దళసరి మట్టిగోడ పగటి తాపమును గ్రహించి, రాత్రి మెల్లగ విడుచుటచే గృహాంతర్భాగము సమశీతోష్ణముగ నుండును. గృహము శిథిలమైనపుడు దాని సామగ్రి తిరిగి నేలలో కలిసిపోవును.

అగ్నిభయము, కప్పును మాటిమాటికి మార్పవలసిన శ్రమ, కాంక్రీటు వ్యాప్తి అను కారణములచే చుట్టిండ్లు క్రమముగ క్షీణించినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఈ తీరమును తాకిన పిమ్మట, వాయునిరోధక గృహనిర్మాణపు ఆవశ్యకత మరింత స్పష్టమైనది. వర్తులరూపము ఆధునిక నిర్మాణములయందును కానవచ్చును: 2004లో హైదరాబాదున ప్రారంభింపబడిన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రము సైతము వర్తులాకారపు ముంగిలిచుట్టు రూపొందింపబడుట గమనార్హము.